మూడో సిలిండరు చప్పుడు

నిన్న సాయంత్రం ఫియట్ కారు స్టార్టయింది. మండపేట రైసుమిల్లు వెనకున్న పాత గోడౌన్లో, టార్పాలిన్ కింద, ఇటుక దిమ్మెల మీద ఇరవై ఏళ్ళకు పైగా కదలకుండా ఉండిపోయిన కారు. కొత్త బ్యాటరీ పెట్టి, పాత పెట్రోలు తోడేసి కొత్తది పోసి, మెకానిక్ బుజ్జిబాబు తాళంచెవి తిప్పితే ముందు దగ్గింది, తర్వాత గోడౌన్ నిండా పొగ వదిలింది, ఆ తర్వాత నిజంగానే పలికింది. సత్యవాణి కళ్ళు తుడుచుకునేలోపే ఇంజను లోపల్నుంచి ఆ చప్పుడు మొదలైంది. ఎవరో చిన్న సుత్తి పట్టుకుని విడవకుండా రాతి మీద కొడుతున్నట్టు, టక్, టక్, టక్.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అన్నయ్య గణేష్‌బాబు కూడా విన్నాడు.

"క్రాంకు పోయింది సత్యా," అన్నాడు. "అనుకున్న మాట గుర్తుందిగా? ఇంజను బాగుంటే బండి నీది. పోయిందంటే విజయవాడాయనది. రేపు మధ్యాహ్నం లారీ రమ్మని చెబుతాను."

విజయవాడాయనకి ఇంజనుతో పని లేదు. ఆయన కడుతున్న హోటలు ముందు పాతకారు ఒకటి నిలబెట్టి, బానెట్టు తెరిచి, ఇంజను తీసేసిన చోట పూలమొక్కలు వేయిస్తాడట.

ఈ ఉదయం బుజ్జిబాబు వచ్చేసరికి సత్యవాణి కారు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. బానెట్టు తెరిచే ఉంది. చల్లారిపోయిన ఇంజను వైపు, అది తనంతట తను ఏదైనా చెబుతుందేమోనన్నట్టు చూస్తోంది.

"ఏంటండీ సత్యవాణిగారూ, కాపలానా? ఇటుకల మీంచి దూకి పారిపోద్దనుకున్నారా?"

"పారిపోయినా బాగుండేదండి. లారీ వచ్చేలోపు."

బుజ్జిబాబు నవ్వి సామాన్ల సంచి కింద పెట్టాడు. సంత రోడ్డులో అతనికి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. మనిషి నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. చేతులు మాత్రం నోటితో సంబంధం లేనట్టు నెమ్మదిగా వాటి పని అవి చేసుకుపోతాయి.

"నిద్దట్లో కూడా టక్ టక్ అంటున్నానని మా ఆవిడ మొహాన నీళ్ళు కొట్టిందండి. ఈ చప్పుడేదో తేల్చకపోతే నన్ను ఇంట్లోంచి గెంటేసేలా ఉంది. తిప్పండి తాళం."

ఇంజను అందుకుంది. చప్పుడు కూడా అందుకుంది.

అతను పొడవాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజను పక్కన ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నాడు. కాసేపు అటూ ఇటూ మార్చి విన్నాడు. మొహంలో నవ్వు తగ్గింది.

"నా భయం అడుగున క్రాంకు బేరింగు గురించండి. అదే అయితే మీ అన్నగారన్నదే నిజం. ఇంజను మొత్తం విప్పాలి. విప్పినా ఈ బండికి ఆ సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదు. పై చప్పుడైతే మనం బతికిపోయినట్టే. ఇదిగో, మీరూ వినండి."

సత్యవాణి స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకుంది. ఇంజను ఒక్కసారిగా తలలోకి వచ్చేసింది.

కారు అక్కది. కాగితాల మీద నాన్న జగన్నాథరావుగారిదే అయినా, తోలింది లక్ష్మీదుర్గక్క. డ్రైవరు రాని రోజున సరదాకి మొదలుపెట్టి, ఆ తర్వాత డ్రైవరుతో పని లేకుండా చేసేసింది. ఆడపిల్ల కారు తోలుతోందని కిళ్ళీకొట్టు దగ్గర జనం నిలబడి చూసేవారు. పక్క సీట్లో ఆరో తరగతి సత్యవాణి, పావడా మోకాళ్ళ మీదికి లాక్కుని, మహారాణిలా. అక్క ఇంజను స్టార్ట్ చేసి బయల్దేరేముందు ఒక్క క్షణం ఆగేది. "విను సత్యా. నాలుగు సిలిండర్లూ ఒక్కలా మాట్లాడుతున్నాయా?" తెలిసినా తెలియకపోయినా "ఆఁ" అంటే ఊరుకునేది కాదు. కళ్ళు మూసుకుని మళ్ళీ వినమనేది. ఊళ్ళో ఎవరి కారు ఎటు నుంచి వస్తోందో సత్యవాణి చెప్పగలిగేది ఆ రోజుల్లో.

చేపల చెరువులకు తవుడు కొనడానికి నరసాపురం నుంచి జానకిరామ్ అనే అబ్బాయి మిల్లుకు వస్తూండేవాడు. జాలరుల పిల్లాడు. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ నవ్వేవాడు. ఒకరోజు అక్క టైర్లకి గాలి పట్టించుకొస్తానని బయల్దేరింది. సాయంత్రం నరసాపురం నుంచి ఫోనొచ్చింది. అక్క జానకిరామ్‌తో వెళ్ళిపోయిందట, కారు రేవు దగ్గర ఉందట, తాళంచెవి సీటు మీద ఉందట. నాన్న బస్సులో వెళ్ళి, కారు తనే నడుపుకుంటూ తెచ్చి, ఈ గోడౌన్లో పెట్టి, టార్పాలిన్ కప్పి, తాళం వేసేశారు. ఆ తర్వాత అక్క పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా మాటల్లో నరసాపురం అంటే నాన్న కంచం ముందునుంచి లేచిపోయేవారు.

సత్యవాణి ఒక్కసారి నరసాపురం వెళ్ళింది, కాలేజీ స్నేహితురాలి పెళ్ళికి. లేసు అల్లుకునే ఆడవాళ్ళ వీధిలో ప్రతి అరుగు మీదా మొహాలు చూసుకుంటూ నడిచింది. ఎవర్నీ అడగలేదు. అడిగితే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. చూపిస్తే తలుపు కొట్టాలి. కొడితే అక్క బయటికొచ్చి, ఆరో తరగతి పిల్ల ఈ మనిషిలో కనపడక, "ఎవరు కావాలండీ?" అంటుంది. ఆ మాట అక్క నోట వినే ధైర్యం లేక రైలెక్కేసింది.

అదే ఈ కారులో వెళ్తే అడగదు. వీధి మలుపు తిరుగుతుండగానే ఇంజను గొంతు పోల్చుకుంటుంది. చేతిలో పని చేతిలోనే ఉండిపోతుంది.

"ఏమంటారండీ?" అన్నాడు బుజ్జిబాబు.

"పైనో కిందో నాకు తెలియట్లేదండి."

"సరే, ఇంకో పరీక్ష పెడదాం. ఒక్కో ప్లగ్గు వైరూ పీకుతాను. పీకగానే చప్పుడు తగ్గిందంటే ఆ సిలిండరు కింద బేరింగు పోయినట్టు. మీరు చప్పుడు మాత్రమే వినండి. నా మొహం చూడకండి, నా మొహం చూస్తే అన్నీ పోయినట్టే ఉంటాయి."

గుడ్డ చుట్టిన పటకారుతో మొదటి వైరు పీకాడు. ఇంజను కుంటింది, చప్పుడు తగ్గలేదు. పెట్టేసి రెండోది పీకాడు. మళ్ళీ కుంటింది. చప్పుడు అలాగే ఉంది. మూడోది పీకాడు. ఏమీ కాలేదు. కారుకి అసలు తెలియనే తెలియనట్టు అదే నడక, అదే చప్పుడు. నాలుగోది పీకితే మళ్ళీ కుంటింది.

"మూడోది పనే చెయ్యట్లేదండి!" బుజ్జిబాబు గొంతు పెంచాడు. "అది ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఉత్తినే కూర్చుని తింటోంది."

"చప్పుడు దేనికీ తగ్గలేదు కదండీ?"

"తగ్గలేదు. కానీ పాత బండ్లు మోసం చేస్తాయండి. నేను ఒట్టేసి చెప్పలేను."

సత్యవాణి కళ్ళు మూసుకుంది. ఇంజను అడుగు దరువు ఒకటుంది, దాని మీద చప్పుడు ఇంకొకటి. రెండూ ఒక జోరులో లేవు. మిల్లులో ధాన్యం పైకి ఎత్తే బెల్టుకి ఒక బకెట్టు వదులైతే, బెల్టు చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా ఒక్కసారే కొడుతుంది. లోపల మోటారు ఎంత పరిగెత్తినా దాని దెబ్బ దానిదే. ఆఫీసుగదిలో కూర్చుని ఆ తేడా పట్టుకుని బెల్టు ఆపించిన రోజులు ఆమెకున్నాయి.

"బుజ్జిబాబుగారూ, ఇంజనుని ఇంకా నెమ్మది చెయ్యగలరా?"

అతను మరని కొద్దిగా తిప్పాడు. ఇంజను నడక మందగించింది.

"ఇది ఇంజనుతో సమానంగా కొట్టట్లేదండి. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్కసారి కొడుతోంది."

బుజ్జిబాబు కూడా తల వంచి విన్నాడు. చేత్తో మడ్‌గార్డు మీద దరువు వేశాడు. వేస్తూ వేస్తూ మొహం విప్పారింది.

"సగమే! సగం జోరులో తిరిగేవన్నీ పైనున్నవేనండి, వాల్వులు. ఆయ్! ఆపండి, ఆపండి. పైమూత విప్పేద్దాం."

ఇంజను తల మీదున్న రేకు మూత మరలన్నీ ఊడొచ్చాయి గానీ, మూత రాలేదు. అతికించినట్టు ఉంది. అంచున స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తితే, బూరెల పాకం సాగినట్టు బంక తీగలు సాగుతూ లేచింది. లోపల వరసగా చిన్న చిన్న ఇనుప చేతులు, వాటి కింద స్ప్రింగులు. అన్నీ గోధుమరంగు బంక పూసుకుని ఉన్నాయి. మూడో సిలిండరు దగ్గర మరీ ముద్దగా ఉంది. అక్కడ ఒక స్ప్రింగు కిందికి అణిగి, పైకి రాకుండా ఉండిపోయింది. దాని మీది ఇనుప చెయ్యి వదులుగా ఊగుతోంది. దాన్ని కింద నుంచి తోసే సన్నటి కడ్డీ వంగిపోయింది.

"ఇదండీ దొంగ," అన్నాడు బుజ్జిబాబు. "వాల్వు బంకలో అతుక్కుని సగం తెరుచుకుని ఉండిపోయింది. నిన్న మనం తిప్పగానే అది కదలక కడ్డీ వంగింది. అప్పట్నుంచీ ఆ ఖాళీలో కొట్టుకుంటోంది. అడుగు బేరింగులకి ఏమీ కాలేదు." గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. "కానీ ఒకటి నాకు మొదట్నుంచీ అర్థం కావట్లేదు. ఇన్నేళ్ళు పడున్న ఇంజను తుప్పుపట్టి బిగుసుకుపోవాలి. ఇది మొదటి రోజే చేత్తో తిరిగింది. అడుగు నూనె తీసినప్పుడు కూడా ఇలాగే పాకంలా దిగింది. ఇది ఇంజనాయిలు కాదండి. ఎవరో ఏదో పోశారు."

సత్యవాణి వేలితో బంక కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆ వాసన ఆమెకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. తవుడు నూనె. మిల్లు తవుడు కొనుక్కెళ్ళే ఫ్యాక్టరీ నుంచి నాన్న శుద్ధి చెయ్యని నూనె డబ్బాలతో తెప్పించేవారు. మిల్లు ఆడని రోజుల్లో మిల్లులో ప్రతి ఇరుసుకీ, ప్రతి గొలుసుకీ గుడ్డతో పట్టించేవారు. ఇనుముకి ఇంతకు మించిన మందు లేదని ఆయన నమ్మకం. తలుపు బందుల నుంచి బావి గిలక దాకా ఆ ఇంట్లో అన్నిటికీ అదే.

"పైన పూసి తుడిచేస్తే మంచిదేనండి," అన్నాడు బుజ్జిబాబు విషయం విని. "లోపల పోస్తే ఎండి జిగురైపోద్ది. రైసుమిల్లు వాళ్ళు తప్ప ఇంకెవరికీ రాదండి ఈ ఆలోచన."

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. కళ్ళంలో ధాన్యం ఎండబోసే పాపాయి. ఆ మిల్లులోనే ముసలిదైపోయిన మనిషి. చేతిలో చీపురు అలాగే ఉంది.

"పెద్దయ్యగారేనండి," అంది. "అమావాస్యకి మిల్లు ఆపేవారు కదండీ. అందరూ ఇళ్ళకి పోయాక, ఎండ నెత్తి మీదున్న వేళ ఈయనొక్కరే నూనె డబ్బా పట్టుకుని ఇటొచ్చేవారు. ఏంటండీ అయ్యగారూ అంటే, ఎలుకలు పడ్డాయేమో చూస్తున్నానే అనేవారు. ఎలుకలకి తలంటు పోస్తారు కాబోలు అనుకుని నేనూరుకునేదాన్నండి."

"నాకెప్పుడూ చెప్పలేదేం పాపాయీ?"

"మీరెప్పుడైనా అడిగారేంటండీ? ఈ గోడౌను పక్కకి చూడ్డమే మానేశారు ఇంట్లో అందరూను."

సత్యవాణి కారు వైపు చూసింది. నాన్న ముందు ఎవరూ ఎత్తని పేరు. నాన్న ముందు ఎవరూ తీయని తాళం. ఇంట్లో వాళ్ళు ఇన్నేళ్ళూ ఆయన కోపానికి భయపడి తప్పించుకు తిరుగుతుంటే, ఆయన నెలకోసారి ఇక్కడికొచ్చి, బానెట్టెత్తి, ఈ ఇంజను మీదికి వంగేవారన్నమాట.

"సత్యవాణిగారూ," బుజ్జిబాబు గొంతు తగ్గించాడు. "ఇలా చూడండి. కిందంతా గట్టిగా ఎండిపోయిన పొర. పైన మాత్రం వేలికి అంటుకుంటోంది, ఇంకా తడి ఆరలేదు. నాన్నగారు పోయి ఎన్నాళ్ళయిందండీ?"

సత్యవాణి ఆ పైపొరని గుడ్డతో తుడిచింది. బంక అంటిన గుడ్డ తీసుకుని ఇంటి వైపు నడిచింది. గోడౌను తాళంచెవి నాన్న పోయాక ఒక్కరి బొడ్లోనే ఉంటోంది.

అమ్మ లోవమ్మ ఇంటి వెనక వసారాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కూతురు గుడ్డ ముందు పెట్టినా తలెత్తలేదు.

"వాసన చూడమ్మా."

"చూడక్కర్లేదు."

"ఎవరు పోశారు?"

"మీ నాన్నగారు."

"నాన్నగారు పోయి రెండేళ్ళు దాటింది. పైపొర ఇంకా తడిగా ఉంది."

లోవమ్మ చేతిలో చిక్కుడుకాయ ఈనె సగంలో ఆగింది. పూర్తిగా లాగి పక్కన పడేసింది.

"నేనే పోశాను. ఏం, పాడైపోయిందా?"

ఆ అడిగిన తీరుకి సత్యవాణికి వచ్చిన కోపం వచ్చినట్టే ఎటో పోయింది. అమ్మ పక్కనే నేల మీద కూలబడింది.

"లేదమ్మా. బాగయిపోతుంది. నీకెవరు చెప్పారు పొయ్యమని?"

"ఇంకెవరు చెబుతారు? ఆస్పత్రిలో మంచం మీద ఉండి, నీ గురించి, అన్నయ్య గురించి, మిల్లు గురించి అన్నీ అయ్యాక చెప్పారు. లోవా, అమావాస్యకి బండి మర్చిపోకు. నూనె పోసే మూత తీసి ఒక గరిటెడు, ప్లగ్గులు విప్పి తలో చుక్క. పోశాక హ్యాండిలు పెట్టి రెండు చుట్లు తిప్పు. అది వచ్చేసరికి బిగుసుకుపోకూడదు, అన్నారు." లోవమ్మ ఒలిచిన కాయలు పళ్ళెంలో ఒక పక్కకి జరిపింది. "ప్లగ్గులు విప్పడం నాకేం తెలుసు? హ్యాండిలు తిప్పే బలం నాకెక్కడిది? మూత తీసి పోసి దండం పెట్టుకుని వచ్చేదాన్ని."

నూనె పోసే ఆ చిన్న మూత సరిగ్గా మూడో సిలిండరు మీద ఉంటుంది. పోసిన నూనె పోసినట్టే అక్కడే దిగి, తిప్పే చెయ్యి లేక అక్కడే గడ్డకట్టింది. చప్పుడుకి కారణం మొత్తం ఇప్పుడు సత్యవాణి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది.

"అది వచ్చేసరికి, అన్నారా నాన్నగారు? ఆ మాటే అన్నారా?"

"ఆ మాటే."

"మరి ఇంట్లో ఒక్కసారి పేరెత్తనివ్వలేదుగా!"

"ఎత్తితే ఆయన తట్టుకోలేరని నేను. ఎత్తితే నేను ఏడుస్తానని ఆయన."

"మరి నేనో?"

లోవమ్మ మొదటిసారి తలెత్తి కూతురి మొహంలోకి చూసింది.

"నువ్వు చిన్నదానివి కదా, మర్చిపోయి ఉంటావనుకున్నాం," అంది.

సత్యవాణి నేల మీద చిందిన ఈనెలు ఒక్కొక్కటీ ఏరి పోగుపెట్టింది. ఆ ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకే మనిషి కోసం, ఒకరికొకరు తెలియకుండా, ఇన్నేళ్ళు ఎదురుచూశారు. ఒకరి చప్పుడు ఒకరికి వినపడకుండా జాగ్రత్తపడ్డారు.

"మధ్యాహ్నం అన్నయ్య లారీ తెస్తున్నాడమ్మా," అంది లేస్తూ. "లారీ వచ్చేలోపు కారు కదలాలి. నేను నరసాపురం వెళ్తున్నాను."

లోవమ్మ ఏదో అనబోయి, కూతురు అప్పటికే మెట్లు దిగిపోవడం చూసి, చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి లేచింది.

గోడౌన్లో బుజ్జిబాబు వంగిన కడ్డీని గచ్చు మీద దొర్లించి చూస్తూ, ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ చెక్కసుత్తితో మెత్తగా తడుతున్నాడు. కిరసనాయిల్లో నానబెట్టిన గుడ్డ మూడో వాల్వు చుట్టూ చుట్టాడు. పాపాయి పక్కన గొంతుక్కూర్చుని, చీపురు పుల్లకి దూది చుట్టి, ఇనుప చేతుల సందుల్లో బంక తీసి పెడుతోంది.

"పురిటి పిల్లకి చెవులు తుడిచినట్టుందండి," అంది.

"పిల్లేంటి పాపాయీ, నీకంటే పెద్దది," అన్నాడు బుజ్జిబాబు.

"నా వయసు నీకెవరు చెప్పార్రా అబ్బాయ్?"

బాగా నానాక, వాల్వు కొస పటకారుతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పాడు. కదల్లేదు. మళ్ళీ కిరసనాయిలు పోశాడు. చెక్కసుత్తితో తట్టాడు, తిప్పాడు, తట్టాడు. ఉన్నట్టుండి స్ప్రింగు తుళ్ళినట్టు పైకి లేచింది. ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలారు. సరిచేసిన కడ్డీ దాని చోట దించి, సందులు చూసి, మూత పెట్టాడు.

"కొత్త కడ్డీ దొరికేదాకా ఇది పనికొస్తాదండి. జోరుగా పోనివ్వకండి. తిప్పండి."

సత్యవాణి తాళంచెవి తిప్పింది.

ఇంజను అందుకుంది. పాత పొగ కాస్త వదిలింది. తర్వాత సర్దుకుంది. చప్పుడు లేదు. నాలుగు చోట్ల నుంచీ ఒకే మాట, ఒకరి వెనక ఒకరు కాకుండా అందరూ కలిసి అంటున్నట్టు. స్టీరింగు మీద పెట్టిన చేతుల్లోకి, మోచేతుల్లోకి ఆ వణుకు ఎక్కింది. సత్యవాణి పక్క సీటు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. తను కూర్చోవలసిన సీటు అది. ఈ సీటు అక్కది.

టైర్లకి గాలి, బ్రేకులు పోయిన వారమే చూసిపెట్టాడు బుజ్జిబాబు. అతనూ పాపాయీ ఇటుకలు లాగేసి వెనక నుంచి తోస్తే, కారు దానంతటది వెలుతుర్లోకి దిగింది. అదే సమయంలో గేటు బయట లారీ ఆగింది. గణేష్‌బాబు మోటారుసైకిలు దిగి లోపలికొచ్చాడు. వచ్చినవాడు కళ్ళం మధ్యలో నిలబడిపోయాడు. కాసేపు విని, నడిచొచ్చి బానెట్టు మీద అరచెయ్యి పెట్టాడు.

"చప్పుడేది?"

"మూడో సిలిండర్లో ఒక వాల్వు అతుక్కుపోయిందండి, అంతే," అన్నాడు బుజ్జిబాబు. "క్రాంకు బంగారంలా ఉంది. పూలమొక్కలకి వేరే కుండీ చూసుకోమని చెప్పండి ఆయనకి."

గణేష్‌బాబు నవ్వలేదు. చెల్లెలి కిటికీ దగ్గరికొచ్చాడు.

"మాటంటే మాటే. బండి నీదే. ఎక్కడికి?"

"నరసాపురం."

"అక్క రమ్మందా?"

"లేదు."

"ఇన్నేళ్ళలో ఒక్క ఫోనన్నా చేసిందా మనకి?"

"మనం చేశామా అన్నయ్యా?"

"నేను చేశాను," అన్నాడు గణేష్‌బాబు. చూపు లారీ వైపు తిప్పుకున్నాడు. "మిల్లు పుస్తకంలో ఉన్న జానకిరామ్ నంబరుకి చాలాసార్లు చేశాను. నంబరు ఉపయోగంలో లేదని వచ్చేది. ఆ టార్పాలిన్ చూసినప్పుడల్లా ఇంట్లో శవం కప్పిపెట్టినట్టు ఉండేది నాకు. అందుకే పంపెయ్యాలనుకున్నాను. నీకేదో అడ్డం పడదామని కాదు."

సత్యవాణి చెయ్యి బయటికి చాపి అన్నయ్య చెయ్యి పట్టుకుంది. అతను కాసేపు ఉంచి, విడిపించుకుని, లారీ వెనక్కి తీయమని డ్రైవరుకి సైగ చేశాడు. లారీ రోడ్డు మీదికి జరిగింది.

అప్పుడు అటు పక్క తలుపు తెరుచుకుంది. లోవమ్మ. మంచి నేత చీర కట్టుకుంది. చేతిలో గుడ్డసంచి. ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది. పడలేదని మళ్ళీ తెరిచి గట్టిగా వేసింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు గణేష్‌బాబు.

"పెద్దదాని దగ్గరికి."

సత్యవాణి క్లచ్ వదిలింది. ఫియట్ గేటు దాకా నెమ్మదిగా నడిచింది. గణేష్‌బాబు కిటికీ మీద చెయ్యి వేసి పక్కనే నడిచాడు. గేటు ఒక రెక్కే తీసుంది. అక్కడ ఆగి సత్యవాణి ఎడమ పక్కకి ఇండికేటరు వేసింది. ఆలమూరు మీదుగా రావులపాలెం, అట్నుంచి నరసాపురం.

"అటు కాదు," అంది లోవమ్మ. "కుడి పక్కకి."

"కుడి పక్క ద్వారపూడి రోడ్డమ్మా. రాజమండ్రి పోతుంది."

"తెలుసు. రాజమండ్రి దాటి, గోదారి దాటి, జంగారెడ్డిగూడెం పోవాలి. అది నరసాపురం విడిచి చాలా కాలమైంది."

ఇంజను నాలుగు గొంతులతో నింపాదిగా నడుస్తోంది. సత్యవాణికి కాసేపు అదొక్కటే వినపడింది. లేసు అల్లే ఆడవాళ్ళ వీధి, తను చూసుకుంటూ నడిచిన అరుగులు కళ్ళ ముందు తిరిగాయి. ఆ రోజు అక్క ఏ అరుగు మీదా లేదు. తను తలుపు కొట్టినా తీసేది అక్క కాదు.

"మరి బావ?" అంది. ఆ ఇంటి మనిషి నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

"అక్కడికెళ్ళాక నువ్వే అడుగు. నేను చెప్పలేను." లోవమ్మ సంచి ఒళ్ళో సర్దుకుంది. "మీ నాన్నగారు దాని పేర కొన్న పామాయిలు తోటలో ఉంటోంది. నేనూ చూడలేదు. ఆస్పత్రిలో ఆయన చెప్పిన ఊరు పేరే తెలుసు నాకు."

కిటికీ మీదున్న గణేష్‌బాబు వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఏ తోట?" అన్నాడు. "నాన్నగారికి జంగారెడ్డిగూడెంలో తోటెక్కడిది?"

లోవమ్మ కొడుకు వైపు తిరగలేదు. రోడ్డు వైపే చూస్తూ అంది.

"రెండో రెక్క కూడా తియ్యి గణేషూ. తీసొచ్చి నువ్వూ ఎక్కు."